పెరటి ముచ్చట్లు: పాదుకు పేళ్ల దుప్పటి

కిందటి నెల అరటి పిలకల సంగతి రాసిన తరువాత మాకు నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మూడు అరటిని గురించినవే. నాలుగవది మాత్రం వేరు. "మా ఇంటి ముందు నిద్రగన్నేరు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని అనుమతి తెచ్చుకొని కొట్టించాము. ఇప్పుడు గుమ్మం ముందు కొమ్మలు, పేళ్లు కుప్పగా పడివున్నాయి. తగలబెడితే వీధంతా పొగ, పారేయిస్తే కూలి ఖర్చు. చెట్ల పాదుల్లో పరిస్తే మంచిదని మా అబ్బాయి అంటున్నాడు. చెదలు పడతాయని మా వారు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?" అని ఒక సోదరి అడిగారు.

తండ్రీకొడుకుల మధ్య తీర్పు చెప్పడం మా వల్ల అయ్యే పని కాదు. అబ్బాయి చెప్పింది నిజమే. వారి భయమూ ఉత్తదేమీ కాదు. ఈ విద్య మేము పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు లెండి. రెండు తప్పులు చేసి, కాపుకాసే నిమ్మచెట్టును ఒకదాన్ని పోగొట్టుకొని నేర్చుకున్నాము. ఆ కథంతా చెబితేనే మీకు మా మాట మీద నమ్మకం కుదురుతుంది.

2016వ సంవత్సరం డిసెంబరు 12వ తేదీని మన చెన్నపట్నంలో ఎవరూ మరచిపోలేదు. వర్దా తుపాను ఊరిమీదనే తీరం దాటింది. వర్దా అంటే గులాబీ అని అర్థమట. ఆ గులాబీ ఒక్క పూటలో వేలాది చెట్లను పెకలించి వీధులకు అడ్డంగా పడుకోబెట్టింది. తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు, ఇలా నీడకోసం పెంచుకున్నవెన్నో పోయాయి. మా పెరంబూరు ఇంటి పెరట్లో వున్నది వేప. వేప గట్టిది, దానికేం కాదులే అని తలుపులు బిగించుకొని కూర్చున్నాము. సాయంకాలం వేళ పెరటివైపు పెద్ద మూలుగు వంటిది వినిపించింది. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆకాశం కనిపించింది. అంతకు ముందు ఎన్నడూ ఆ కిటికీలోంచి మాకు ఆకాశం కనిపించలేదు.

ఆ వేప మా అత్తగారు కాపురానికి వచ్చిన ఏడు నాటినది. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. నాలుగు రోజులకు కరెంటు వచ్చింది, ఆ వెనకాలే అడితివాడూ వచ్చాడు. మానుకు ఒక ధర చెప్పాడు, కొమ్మలన్నిటికీ కలిపి మరొక ధర చెప్పాడు. మాను ఇచ్చివేశాము. కొమ్మలు ఇవ్వడానికి మాత్రం ఆవిడ ససేమిరా అన్నారు. "మాను వాడు పట్టుకుపోతే పట్టుకుపోనీండి. కొమ్మా రెమ్మా ఈ మట్టి తిని పెరిగినవి. ఈ మట్టిలోనే పోనీండి" అన్నారు. అది బెంగతో అన్న మాట అని అప్పుడు మేమనుకున్నాము. శాస్త్రం కూడా అదే చెబుతుందని తరువాత తెలిసింది.

చెట్లు కొట్టే పెద్దాయన ఒకాయన రెండు రోజులు నీడన కూర్చొని, సన్నకొమ్మలన్నిటినీ గొడ్డలితోనూ కత్తితోనూ బొటనవేలంత ముక్కలుగా నరికిపెట్టాడు. పన్నెండు గోనెసంచులు నిండాయి. ఆకు, బెరడు, పేళ్లు అన్నీ కలిసే వున్నాయి. ఆ సంచులను చూడగానే మాకు దురాశ పుట్టింది. మా మొదటి తప్పుకు మూలం ఆ దురాశే.

పన్నెండు సంచులు పెరడంతటికీ ఎక్కడ చాలుతాయని, దగ్గరలోని కోతమిల్లునుంచి మరో నాలుగు సంచుల రంపపు పొట్టు తెప్పించాము. ఊరికే ఇస్తామంటే ఎవరికి చేదు? ఆ పొట్టును కూరమడిలో పోసి, పారతో తిరగేసి, మట్టిలో బాగా కలిపి, బెండ, వంగ పెట్టాము. మట్టి గుల్లబారి చూడముచ్చటగా వుంది. ఇరవై రోజులు తిరిగేసరికి మొక్కలన్నీ పసుపు పూసుకున్న పేరంటాళ్లలాగా తయారయ్యాయి. నీళ్లు తక్కువయ్యాయేమోనని మరి నాలుగు చెంబులు పోశాము. ఇంకా పాలిపోయాయి.

కారణం ఇది. చెక్కను కుళ్లబెట్టేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు, బూజులు. చెక్కలోని కర్బనం వాటికి అన్నమైతే నత్రజని పప్పు. ఉత్త అన్నం వాటికి గొంతు దిగదు. సుమారు 25, 30 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని వుంటేనే వాటికి భోజనం సరిపడుతుంది. పశువుల పేడలో ఆ పాళ్లు ఇంచుమించు కుదిరివుంటాయి. రంపపు పొట్టులో అయితే నత్రజని ఒక పాలుంటే కర్బనం మూడు నాలుగు వందల పాళ్లు. మరి పప్పుకోసం అవి ఏం చేస్తాయి? పక్కనున్న మట్టిలోది లాక్కుంటాయి. మొక్క వేరుకు దొరకవలసింది వాటి విస్తట్లో పడుతుంది. పొట్టు ఎంత మెత్తనిదైతే అన్ని నోళ్లు ఒక్కసారి దానిమీద పడతాయి. అందుకే మా బెండ పసుపు తిరిగింది.

అదే చెక్కను మట్టిలో కలపక పైన పరిచి వదిలేశారనుకోండి. అప్పుడు మట్టికీ చెక్కకూ పొత్తు పైపొర దగ్గర మాత్రమే. అక్కడ కొద్దిగా నత్రజని తగ్గినా, లోపల జానెడు లోతున వున్న వేళ్లకు దాని బాధ తెలియదు. అందుచేత ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తు పెట్టుకోదలచుకుంటే ఇది పెట్టుకోండి: పైన పరచండి, లోన కలపకండి. మిగిలినవన్నీ దాని తరువాతి మాటలే.

పాడైన మడిని బాగుచేసుకోవడానికి వారానికొకసారి పేడనీళ్లు, నానబెట్టిన వేరుశనగపిండి నీళ్లు పోస్తూ వచ్చాము. మొక్కలు కొంత తేరుకున్నాయి. తమాషా ఏమంటే మరుసటి ఏడు అదే మడిలో పంట మునుపటికన్నా బాగా వచ్చింది. పొట్టు పూర్తిగా కుళ్లిన తరువాత, ఆ జీవులు దాచుకున్న నత్రజని తిరిగి మట్టికే వచ్చింది. అప్పు తీరిందన్నమాట. కాని ఆ ఏటి బెండకాయలు మాత్రం పోయినట్లే.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ఇదే సలహా అడిగిన మా పొరుగావిడతో "కాస్త వేపచెక్క వేసి చూడండి" అన్నాము. పిండి తీసిన తరువాత మిగిలే వేపచెక్క అని మా ఉద్దేశం. ఆవిడ పాపం వేపకట్టె ముక్కలు ఏరుకొని తెచ్చి కుండీలో గుచ్చారు! తప్పు ఆవిడది కాదు. నూనె తీసిన పిండికీ, కట్టెకూ చెక్క అనే ఒక్క పేరు పెట్టుకున్న మనది. ఇకమీదట ఈ శీర్షికలో గానుగది వేపపిండి, గొడ్డలిది పేళ్లు.

రెండవ తప్పు ఇంకా పెద్దది. కూరమడి దెబ్బతో బుద్ధి తెచ్చుకొని, వేప పేళ్లు పన్నెండు సంచులూ చెట్ల పాదుల్లో పైనే పరిచాము. మల్లె, కరివేపాకు, జామ, నిమ్మ. నిమ్మమీద మా అత్తగారికి ప్రాణం. ఏటా ఊరగాయ ఆ చెట్టు కాయలతోనే. కాబట్టి దానికి మర్యాద ఎక్కువ చేయాలని తోచి, రెండు సంచులు దాని మొదట్లోనే గుమ్మరించాము. మూరెడు ఎత్తున, చీమలపుట్టలాగా, కాండాన్ని అదిమిపట్టి పేర్చాము. చూసినవాళ్లు ఎంత పొందిగ్గా వుందో అన్నారు.

2017 చివరలో వానలు పడ్డాయి. మా పెరంబూరుది బంకమట్టి. నీరు త్వరగా ఇంకదు. పేళ్ల కుప్ప తడిసి ముద్దయి, నెలరోజులపాటు ఆరనేలేదు. సంక్రాంతి నాటికి నిమ్మ ఆకులు వేలాడేశాయి. కుప్ప తొలగించి చూస్తే కాండం మొదట్లో బెరడు మెత్తబడి, జిగురు కారుతూ, గోటితో గీరితే ఊడివచ్చేట్టుగా వుంది. మొదలుకుళ్లు. వేళ్లకు తడి కావాలి గాని కాండానికి గాలి కావాలి. ఆ తేడా మాకు తట్టలేదు. మాఘమాసం దాటకుండానే చెట్టు పోయింది.

మా అత్తగారు కోప్పడలేదు. ఎండిన కొమ్మను పట్టుకొని చూసి, "దానికేం చలి వేసిందనమ్మా, పీకదాకా దుప్పటి కప్పారు?" అని మాత్రం అన్నారు. తిట్టినా బాగుండేది. నిమ్మకాయ ఊరగాయకు ఆ ఏడు బజారు కాయలు తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక మూడవ సంగతి తప్పు కాదు, పరీక్ష. 2018 చివర ఈశాన్య ఋతుపవనాలు మొహం చాటేశాయి. మన పట్నానికి ఏడాది వానలో పెద్దవాటా అక్టోబరునుంచి డిసెంబరు వరకు పడే ఈ వానలదే. అవి తప్పితే తరువాత వేసవి ఎలా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు. 2019 జూన్ నాటికి పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ అడుగంటాయి. 1983లో ఒప్పందం జరిగి, 1996లో మొదటిసారి పూండికి చేరిన కృష్ణనీళ్లమీద ఆశపడదామంటే, అవి రావలసిన కండలేరు జలాశయంలోనే ఆ ఏడు నీరు అంతంతమాత్రం. జూలై 12వ తేదీన జోలార్‌పేటనుంచి 50 వ్యాగన్ల రైలుబండి 25 లక్షల లీటర్ల నీళ్లు మోసుకొని మా పక్కనే వున్న విల్లివాక్కానికి వచ్చింది. పట్నానికి నీళ్లు రైలెక్కి రావడం చూశామని మనుమలకు చెప్పుకోవలసిన రోజులవి.

మా బావిలో బకెట్టు వేస్తే రాయి తగిలిన చప్పుడు వచ్చింది. వీధిలోకి నీళ్ల లారీ వస్తే ఆడవాళ్లు తెల్లవారుజాము మూడింటికే బిందెలు వరుసపెట్టి నిలబడేవారు. ఆ రోజుల్లో పెరటి మొక్కల మాట ఎత్తడానికే మాకు సిగ్గు వేసింది. మా అత్తగారు ఒక కట్టడి చేశారు. "మనుషులు బిందెలు పట్టుకొని నిలబడివుంటే మొక్కకు మంచినీళ్లు పోయడం పాపం. వాడిన నీళ్లు పోయండి. బతికినవి బతుకుతాయి" అన్నారు. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు, సబ్బు తగలని ఇతర నీళ్లు, అన్నీ కలిపితే రోజుకు రెండు బకెట్లు. పెరడంతటికీ అవే.

ఆ రెండు బకెట్లు ఎవరికి పోయాలో రోజూ పొద్దున్నే తేల్చుకోవలసి వచ్చేది. ముందువైపు కనకాంబరాలకు మేము పేళ్లు పరవలేదు, అప్పటికే సంచులు అయిపోయాయి. కత్తిరి ఎండలకు ఆ మడిలో బంకమట్టి నెర్రెలిచ్చి నాలుగు వేళ్లు దూరేంత పగుళ్లు వేసింది. పొద్దున పోసిన నీళ్లు పగుళ్లలోంచి ఎటుపోయాయో తెలియదు, మధ్యాహ్నానికి మట్టి మళ్లీ ఇటుకే. జూన్ మధ్యకు కనకాంబరాలన్నీ పోయాయి.

వెనకవైపు మల్లె, జామ, కరివేపాకు పాదుల్లో రెండున్నరేళ్ల కిందటి వేప పేళ్లు అడుగున నల్లబడి, పైన బూడిదరంగుకు తిరిగి వున్నాయి. ఏటా మరికొన్ని కొమ్మలు నరికి వాటిపై పరుస్తూ వచ్చాము. పేళ్లు పక్కకు తోసి వేలు పెట్టి చూస్తే, నీళ్లు పోసిన నాలుగవ రోజున కూడా కింద చల్లగా, చెమ్మగా తగిలేది. అయిదు రోజులకొకసారి ఒక్కొక్క పాదుకు ఒక బకెట్టు. అంతే. ఆకులు కొన్ని రాల్చాయి, జామ ఆ ఏడు కాయలేదు. కాని మూడూ బతికాయి. తుపానుకు కూలిన చెట్టు కొమ్మలే అనావృష్టిలో తక్కిన చెట్లను కాపాడాయి. ఆ రోజున మా అత్తగారి మాట బెంగ కాదని మాకు బోధపడింది.

అయితే ఒక సంగతి ఉన్నదున్నట్లు చెప్పాలి. పేళ్లు నీళ్లను పుట్టించవు. పోసిన నీళ్లను ఎండా గాలీ దోచుకుపోకుండా కాపలా కాస్తాయి, అంతే. ఎండ నేరుగా మట్టిమీద పడకపోవడం, వేడిగాలి మట్టిని తాకకపోవడం, ఈ రెండే అందులోని కిటుకు. వాన పడ్డప్పుడు చినుకు దెబ్బకు మట్టి అట్టకట్టకుండానూ, బురద చిమ్మి ఆకులకు తెగులు అంటకుండానూ కూడా అవే అడ్డుపడతాయి. కలుపు గింజలకు వెలుతురు అందదు కనుక చాలావరకు మొలవవు. తుంగ మాత్రం వేరు. అది గడ్డనుంచి పుట్టేది గనుక పేళ్లను పొడుచుకొని మరీ లేస్తుంది. దానిని ముందుగానే తవ్వి, గడ్డలతో సహా ఏరివేయక తప్పదు.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. పసుపు, అల్లం నాటిన రైతు మడిమీద పచ్చి ఆకు, కొమ్మా కప్పడం పాత అలవాటే. మహారాష్ట్రలోని సుభాష్ పాలేకర్ గారు తమ ప్రకృతి వ్యవసాయానికి చెప్పిన నాలుగు మూలసూత్రాలలో ఆచ్ఛాదన ఒకటి. 2016లో వారికి పద్మశ్రీ ఇచ్చారు. కెనడాలోని క్విబెక్‌లో లావాల్ విశ్వవిద్యాలయం వారు ప్రత్యేకించి సన్నకొమ్మల పేళ్ల గురించే పరిశోధించారు. 7 సెంటీమీటర్లకు లోపు మందం వున్న కొమ్మలు మేలని వారు తేల్చారు. ఎందుకంటే చెట్టు తన సారమంతా ఆకుల్లో, లేతకొమ్మల్లో, బెరడులో దాచుకుంటుంది. మాను మధ్యనున్న చేవ గట్టిదే గాని మట్టికి పెట్టేది తక్కువ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన లిండా చాకర్‌స్కాట్ గారు కూడా చెట్ల కొమ్మలు కొట్టినప్పుడు వచ్చే పేళ్లే తోటకు శ్రేష్ఠమనీ, పైన పరిస్తే నత్రజని భయం అక్కరలేదనీ ఏళ్ల తరబడి రాస్తున్నారు. మాను అడితికి, కొమ్మలు మట్టికి అని మా అత్తగారు పంచిన పంపకం ఎంత సబబైనదో చూశారా!

ఇక చేయవలసిన విధానం. ముందు పాదులో కలుపు తీసి, రెండు గంపల చివికిన పశువుల ఎరువుగాని, ఇంటి చెత్తతో చేసిన కంపోస్టుగాని పలుచగా పరవండి. నీళ్లు నిండా పోయండి. ఎండిన మట్టిమీద పేళ్లు కప్పితే ఎండనే దాచిపెట్టినట్లవుతుంది. తడిసిన మట్టిమీదనే మూడు అంగుళాల మందాన పేళ్లు పరవండి. పెద్దచెట్టయితే నాలుగు అంగుళాలు చాలు. ఇంకా ఎక్కువ వేస్తే మేలు పెరగదు, గాలి ఆడదు. కాండం చుట్టూ జానెడు మేర ఖాళీగా వదలండి. గాజు ఆకారంలో వుండాలి గాని పుట్ట ఆకారంలో కాదు. మా నిమ్మచెట్టును తలుచుకోండి.

పేళ్లు ఒకే సైజులో వుండనక్కరలేదు. అటుకులంతవి కొన్ని, బొటనవేలంతవి కొన్ని, మధ్యలో ఆకు, పుల్ల కలిసివుంటే మంచిది. గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది. రంపపు పొట్టు ఒక్కటే పరిస్తే అట్టకట్టి, పైన పోసిన నీళ్లు పక్కకు జారిపోతాయి. దానిని కంపోస్టు గుంటలో పేడతో కలిపి కుళ్లబెట్టుకోవడం మేలు. కొమ్మలను నమిలి పేళ్లు చేసే యంత్రాలు కూడా వున్నాయి. ఒక ఇంటికి ఖర్చు భారమనిపిస్తే నాలుగిళ్లవారు కలిసి అద్దెకు తెచ్చుకోవచ్చు. అదీ లేకపోతే గొడ్డలి, కత్తి వుండనేవున్నాయి.

నీళ్లు పోసేటప్పుడు ఒక మెళకువ. చెంబుడు నీళ్లు పైపైన చల్లితే పేళ్లే తాగేస్తాయి, మట్టికి చుక్క దిగదు. రోజూ చిలకరించే బదులు, నాలుగైదు రోజులకొకసారి నింపాదిగా, లోపలికంటా దిగేటట్లు పోయాలి. అనుమానమైతే పేళ్లు తొలగించి వేలు పెట్టి చూడండి. మా వేలే మాకు యంత్రం.

కూరమడికి పేళ్లు అంతగా పనికిరావు. ఏటా తవ్వే మడిలో అవి మట్టితో కలిసిపోతాయి, అప్పుడు మా బెండ కథే. అక్కడ ఎండుటాకులో, వరిగడ్డో పరుచుకోండి. తోటకూర, మెంతికూర వంటి సన్నగింజలు చల్లినచోట అసలే వద్దు. కలుపును మొలవనివ్వనిది కూరగింజను మాత్రం మొలవనిస్తుందా? పేళ్లకు తగినవి ఏళ్ల తరబడి వుండే చెట్లూ పొదలూ. మామిడి, జామ, సపోటా, మల్లె, మందారం, కరివేపాకు ఇత్యాదులు.

ఏ చెక్క పడితే ఆ చెక్క వేయకండి. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన పాత తలుపుల పేళ్లు, జిగురుతో అతికించిన బల్లల పొట్టు తోటకు పనికిరావు. చెదలు పట్టకుండా మందు పట్టించిన కలప కొన్నిటిలో రాగి, క్రోమియం, పాషాణం కూడా వుంటాయి. ఆ మట్టిలో పెరిగిన కూర మనం తినాలి కదా. నీలగిరి చెట్టు పేళ్లను వెంటనే వేయక కొన్నాళ్లు ఎండావానలకు వదిలి వాడుకోండి. పచ్చి పేళ్లు ఏవైనా పెద్ద కుప్పగా పోసివుంచితే లోపల ఆవిరి లేచేంత వేడెక్కుతాయి, గాలి అందక పుల్లటి కంపు కూడా కొట్టవచ్చు. అటువంటి వాటిని రెండు రోజులు పలుచగా ఆరబోసి తరువాత పరవండి.

ఇక చెదలు. మీ వారి ప్రశ్నకు జవాబు. చెదలు మన నేలలో పేళ్లు లేకపోయినా వుంటాయి. పేళ్లు పరిస్తే వచ్చి తింటాయి కూడా, దాచడం ఎందుకు? ఎండు చెక్కను తిని మట్టి చేయడం వాటి వృత్తి. నీళ్లు అందుతూ ఏపుగా వున్న చెట్టు జోలికి సాధారణంగా రావు. ప్రమాదం చెట్టుకు కాదు, ఇంటికి. గోడకు ఆనించి, గుమ్మానికి ఆనించి పేళ్లు పోస్తే వాటికి మనమే మెట్లు కట్టినట్లు. గోడకూ పేళ్లకూ మధ్య కనీసం అడుగున్నర నేల ఖాళీగా వుంచండి. అక్కడ చెదపురుగు వేసిన మట్టిదారి కనిపిస్తే చీపురుతో తుడిచివేయండి. నెలకొకసారి పేళ్లను పుల్లతో కదపండి, గుప్పెడు వేపపిండి చల్లండి.

కొబ్బరిచెట్టు వున్నవారికి మరొక మాట. కొమ్ముపురుగు కుళ్లిన చెక్కలోనూ, పేడకుప్పలోనూ గుడ్లు పెడుతుంది. పలుచగా పరిచినచోట దాని ఆట సాగదు. కుప్పగా పోసి ఏళ్ల తరబడి కదపనిచోట తెల్లగా, లావుగా, కొడవలిలాగా వంగిన పురుగులు కనిపిస్తాయి. ఏరి కోళ్లకు వేయండి, లేదా గోరింకలకు చూపించండి. రోకలిబండలు, వానపాములు కనిపిస్తే సంతోషించండి, అవి మీకు జీతం అడగని పనివాళ్లు. జెర్రి, తేలు వుండవచ్చు గనుక వట్టి చేత్తో పేళ్లు కెలకకండి. వానాకాలంలో నత్తలు చేరితే పొద్దుగూకిన తరువాత దీపం పట్టుకొని ఏరివేయాలి. పుట్టగొడుగులు లేస్తాయి, ఒక్కొక్కప్పుడు పసుపుపచ్చని నురగ వంటిది కూడా కనిపిస్తుంది. చూడడానికి అసహ్యమే గాని మొక్కకు హాని లేదు. ఆ పుట్టగొడుగులను కూర మాత్రం వండుకోకండి సుమా!

బంకమట్టి ప్రాంతంవారు కార్తీకమాసపు ముసురు పట్టినప్పుడు పేళ్లను కాండానికి ఇంకా దూరంగా లాగి, నీరు పోయే దారి చేయండి. వానలు వెనకబడ్డాక, జనవరిలో మళ్లీ సర్దుకోవచ్చు. మన ఎండలకు, వానలకు మూడు అంగుళాల పేళ్లు ఏడాది రెండేళ్లలో అంగుళమై నల్లటి మట్టిలో కలిసిపోతాయి. తరిగినకొద్దీ పైన వేస్తూ వుండడమే. పాతవి తీసివేయనక్కరలేదు.

చివరిగా ఒక ముచ్చట. 2018 శ్రావణంలో, వేప పడిన చోటికి నాలుగడుగుల దూరాన, పేళ్ల మధ్యనుంచి రెండాకుల వేపమొలక తల ఎత్తింది. మా చెట్టు గింజ కాదు. వేపగింజకు అన్నాళ్లు ప్రాణం నిలవదు. ఏ వీధి చెట్టు పండో తిని ఏ కాకో వేసిపోయివుంటుంది. గోడకు మరీ దగ్గరని మేము పీకబోతే, మా అత్తగారు వద్దని, మట్టితో సహా పెళ్లగించి పాత గుంటలో పెట్టించారు. 2019లో ఆ రెండు బకెట్లలో దానికీ అయిదు రోజులకొక చెంబు వాటా వుండేది. ఇప్పుడది మేడ అంచు అందుకుంది. వంటింటి కిటికీలో ఆకాశం మళ్లీ సగమే కనిపిస్తోంది. దాని పాదులో పేళ్లు గాజులాగా వున్నాయో లేదో ఆవిడ స్వయంగా వెళ్లి చూసుకుంటారు. ఆ విషయంలో మామీద ఆవిడకు ఇంకా నమ్మకం కుదరలేదు.

కాబట్టి సోదరీ, మా సలహా ఇది. పేళ్లు నరికి పాదుల్లో పరిచే పని మీ అబ్బాయికి అప్పగించండి. గోడకు అడుగున్నర, కాండానికి జానెడు ఖాళీ వదిలాడో లేదో చూసే పని మీ వారికి అప్పగించండి. ఇద్దరి మాటా నెగ్గినట్లే, గుమ్మం ముందు కుప్పా తరిగినట్లే. మీరు ఈలోగా ఒక నిమ్మమొక్క నాటుకోండి.

వచ్చే నెల కుండీలో కరివేపాకు ఎందుకు గిడసబారుతుందో ముచ్చటించుకుందాము.